పురిటి గదిలో ఒంటరి నర్సు

పుట్టిన బిడ్డ కేరుమనాలి. పురిటి గది తలుపు వెలుపల బెంచీ మీద ఒత్తుకు కూర్చున్న చుట్టాలంతా ఆ కేక కోసమే చెవులు రిక్కించి ఉంటారు. ఆడా మగా అన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. ఏడుపు విని అందరూ సంతోషించే సందర్భం మనిషి బతుకులో అదొక్కటే. కాని కొన్ని కాన్పుల్లో ఆ కేక రాదు. బిడ్డ నీలంగా, మెత్తగా, గుడ్డపేలికలా నర్సు చేతుల్లోకి జారుతుంది. ఊపిరి ఉండదు.

అలాంటప్పుడు పెద్ద డాక్టరుగారు ఎక్కడ ఉన్నారు, అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది అని ఆలోచించే వ్యవధి లేదు. ఒక్క నిమిషం లోపల బిడ్డ ఊపిరితిత్తుల్లోకి గాలి చేరాలి. ఆ నిమిషంలో బిడ్డ పక్కన ఉండేది, మారుమూల ఆసుపత్రుల్లో చాలా రాత్రులు, ఒకే ఒక్క నర్సు. బిడ్డ బతికితే దేవుడి దయ అంటాం. పోతే నర్సు నిర్లక్ష్యం అంటాం. ఆ రెండు మాటలకూ నడుమ, ఆ నర్సుకు మనం ఏమి సమకూర్చాం, ఎంతమంది పనిని ఆమె ఒక్కదాని మీద పెట్టాం అన్న ప్రశ్న ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

ముందుగా సమస్య ఎంత ఉన్నదో చూద్దాం. నూరుమంది బిడ్డలు పుడితే దాదాపు 85 మంది తమంతట తామే ఊపిరి తీసుకుంటారు. మరో పదిమంది, తడి తుడిచి వీపు రుద్దితే ఏడుస్తారు. ఇక మిగిలిన అయిదుగురికి మాత్రం ముఖానికి మాస్కు పెట్టి, సంచి నొక్కి, గాలి పంపవలసి వస్తుంది. నర్సులు అంబు బ్యాగు అని పిలిచే రబ్బరు సంచి అదే. గుండె దగ్గర ఛాతీ నొక్కడం, మందులు ఎక్కించడం దాకా వెళ్లవలసింది వెయ్యిలో ఏ ఒకరిద్దరి విషయంలోనో. అంటే ఊపిరి తీయని బిడ్డల్లో అత్యధికులను కాపాడటానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. పొడి గుడ్డ, వెచ్చదనం, సరైన సంచి, సరిపోయే మాస్కు, తర్ఫీదు పొందిన రెండు చేతులు చాలు. నెలలు నిండిన బిడ్డలకు మొదట సిలిండరు ఆక్సిజన్ కూడా అవసరం లేదు. గదిలో ఉన్న గాలే సరిపోతుంది.

ఆ నూరుమందిలో ఆ అయిదుగురు ఎవరో ముందుగా తెలిసే మార్గం అన్ని వేళలా లేదు. రక్తం తక్కువ, బీపీ ఎక్కువ, కవలలు, నెలలు నిండని కాన్పు అని ముందే గుర్తించినవారిని పెద్దాసుపత్రికి పంపవచ్చు. కాని అన్నీ సవ్యంగా ఉన్నాయనుకున్న తల్లికి పుట్టిన బిడ్డ కూడా ఊపిరి తీయకపోవచ్చు. కాబట్టి జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో మాత్రమే ఏర్పాట్లు చేసి, మిగతా చోట్ల దేవుడే దిక్కు అని ఊరుకోవడానికి వీలులేదు. ఎక్కడ కాన్పు జరుగుతుందో అక్కడే, ఆ బల్ల పక్కనే, ఆ నిమిషంలోనే సహాయం ఉండాలి.

చేయవలసిన పని ఏమిటో పాఠకులు కూడా తెలుసుకోవడం మంచిది. బిడ్డ బయటపడగానే పొడి గుడ్డతో తుడవాలి. తడిసిన గుడ్డ తీసేసి వెచ్చని మరో గుడ్డలో ఉంచాలి. తల కొద్దిగా వెనక్కు వంచి గాలి దారి తెరవాలి. నోట్లో, ముక్కులో ఏమైనా అడ్డం ఉంటే ముందు నోరు, తర్వాత ముక్కు శుభ్రం చేయాలి. వీపు రుద్దాలి, అరికాలు తట్టాలి. అప్పటికీ ఊపిరి రాకపోతే ఇక తాత్సారం చేయకుండా మాస్కు పెట్టి నిమిషానికి 40 నుంచి 60 సార్లు సంచి నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఛాతీ లేస్తున్నదా లేదా చూడాలి. లేవకపోతే మాస్కు సర్దాలి, తల సర్దాలి, మళ్లీ నొక్కాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, పిర్రల మీద చరచడం, చన్నీళ్లు చల్లడం పాతకాలపు మొరటు పద్ధతులు. వాటివల్ల మేలు లేదు, కీడు ఉంది. చదవడానికి ఇదంతా తేలికే. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న మనిషి అరవై సెకన్లలో, చేయి వణకకుండా చేయడం మాత్రం తేలిక కాదు.

ఆ రాత్రి ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం. రాత్రి డ్యూటీలో ఒక నర్సు, ఒక ఆయా. వార్డులో ఆపరేషన్ అయిన తల్లులు, జ్వరాల రోగులు. అవుట్‌పేషెంట్ గది దగ్గర తేలు కుట్టిన మనిషి. పురిటి గదిలో నొప్పులు పడుతున్న తల్లి. అన్నిటికీ ఆ ఒక్క నర్సే పరుగెత్తాలి. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. సరిగ్గా ఆ నిమిషంలోనే తల్లికి రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ కూడా చేయాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. మాయ పడే వేళకు ఎవరో ఒకరు తల్లిని కనిపెట్టి ఉండాలి. బిడ్డ వైపు తిరిగితే తల్లికి రక్తం పోతుంది. తల్లి వైపు తిరిగితే బిడ్డకు ఊపిరి పోతుంది. రెండు ప్రాణాలకు రెండే చేతులు. ఈ లెక్క ఎక్కడా కుదరదు. ఈ దృశ్యం మేము ఊహించి రాసిందే గాని, రాత్రి డ్యూటీ చేసిన ఏ నర్సును అడిగినా ఇందులో కొత్తదేమీ లేదంటుంది.

మన పాత ఆదిలాబాద్ జిల్లాకు మరో కష్టం తోడవుతున్నది. అది చలి. తెలంగాణలో చలికి పెట్టింది పేరు ఈ ప్రాంతం. పుష్యమాసంలో కెస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లినవారికి ఆ చలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొన్ని సంవత్సరాలు ఏజెన్సీ గ్రామాల్లో ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల దిగువకు పడిపోయింది. పురిటి గదిలో మాత్రం 26 నుంచి 28 డిగ్రీల వేడి ఉండాలని ప్రభుత్వ నిబంధనే చెబుతున్నది. ఎందుకంటే తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి తడి ఒంటితో బయటపడిన పసిగుడ్డు నిమిషాల్లో చల్లబడిపోతుంది. చల్లబడిన బిడ్డకు ఊపిరి అందించడం మరింత కష్టం. కిటికీ అద్దం పగిలి అట్టముక్క అడ్డం పెట్టిన గదిలో, తలుపు సరిగా పడని గదిలో, ఈ వేడి ఎక్కడినుంచి వస్తుంది? వార్మర్ ఉన్నదంటారు. కరెంటు పోతే అది పనిచేయదు. కరెంటు ఉన్నా, దాన్ని కాన్పుకు ముందే వేసి ఉంచకపోతే బిడ్డ పుట్టే వేళకు వేడెక్కదు. ఆ స్విచ్చి ముందుగా వేసే మనిషి కూడా ఆ నర్సే. ఆమె అప్పుడు వార్డులో సెలైన్ మారుస్తూ ఉంటుంది.

ఇక సరంజామా సంగతి. అంబు బ్యాగు అపురూపమైన వస్తువేమీ కాదు. డెన్మార్క్‌లో 1956లో తయారైన ఈ సంచి సిలిండరు లేకుండానే, కరెంటు లేకుండానే పనిచేస్తుంది. మన దగ్గరున్న కష్టాలకు సరిగ్గా సరిపోయే సాధనం అది. ఒక మామూలు సెల్‌ఫోను ఖరీదుకు రెండు మూడు సంచులు వస్తాయి. అయినా అవసరానికి అది చేతికి అందని సందర్భాలు ఉంటున్నాయి. పోతే జీతంలో కోత పడుతుందన్న భయంతో వస్తువును బీరువాలో పెట్టి తాళం వేయడం మన ప్రభుత్వ కార్యాలయాలన్నిటికీ ఉన్న అలవాటు. తాళంచెవి పగటి డ్యూటీ సిస్టరు దగ్గర ఉంటుంది. బిడ్డ రాత్రి పుడుతుంది. ఒకచోట సంచి ఉంటే పెద్దవాళ్ల మాస్కు ఉంటుంది. మరోచోట మాస్కు ఉంటే, కడిగి ఆరబెట్టి తిరిగి బిగించేటప్పుడు సంచి వాల్వు తలకిందులై ఉంటుంది. చూడటానికి అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరులో టిక్కు పెట్టి వెళతారు. సంచిని అరచేతికి ఆనించి ఒక్కసారి నొక్కి చూస్తే నిజం బయటపడుతుంది. అందుకు పట్టేది పది సెకన్లు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009లో మొదలయింది. డాక్టర్లకు, నర్సులకు, ఏఎన్ఎంలకు రెండు రోజుల శిక్షణ ఇవ్వడం అందులో ముఖ్య భాగం. కాన్పులు జరిగే ప్రతి ఆసుపత్రిలో న్యూబార్న్ కేర్ కార్నర్ పేరిట బిడ్డ కోసం ఒక మూల కేటాయించాలన్నారు. జబ్బు చేసిన పసికందుల కోసం జిల్లా ఆసుపత్రుల్లో ప్రత్యేక విభాగాలు వచ్చాయి. నవజాత శిశు మరణాలను 2030 నాటికి వెయ్యికి పది లోపు తేవాలని 2014లో దేశం ఒక ప్రణాళిక ప్రకటించుకున్నది. 2020 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆ సంఖ్య 20. అంతకు ముందరి దశాబ్దాలతో పోలిస్తే ఇది మెరుగే. కాని పెట్టుకున్న గడువుకు, నడుస్తున్న నడకకు పొంతన కుదరాలంటే పురిటి గదిలోని మొదటి నిమిషాన్ని పట్టించుకోక తప్పదు.

శిక్షణ ఇచ్చాం కదా అని అధికారులు అంటారు. నిజమే. కాని ఆ శిక్షణ ఏమవుతున్నదో చూడాలి. జిల్లా కేంద్రంలో రెండు రోజులు బొమ్మ మీద నేర్చుకుని, సర్టిఫికెట్ పుచ్చుకుని నర్సు తిరిగి వస్తుంది. మూడు నెలలు తిరగకముందే ఆమెను పిల్లల వార్డుకో, ఆపరేషన్ థియేటరుకో మారుస్తారు. పురిటి గదికి శిక్షణ లేని మరొకరు వస్తారు. పురిటి గదిలో తర్ఫీదు పొందిన నర్సులను ఇతర విభాగాలకు తిప్పవద్దని 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం స్పష్టంగా చెప్పింది. ఉన్న నలుగురితోనే అన్ని వార్డులూ నడపవలసిన సూపరింటెండెంటు ఆ మాట ఎలా పాటిస్తారు? కాగితం మీది నిబంధనకూ హాజరుపట్టీలోని పేర్లకూ నడుమ ఉన్న తేడా ఇదే.

పైగా చిన్న ఆసుపత్రిలో మరో చిక్కు ఉంది. కాన్పులు తక్కువ. నెలకు ఇరవై కాన్పులు జరిగే చోట సంచి నొక్కవలసిన బిడ్డ సగటున నెలకు ఒక్కరే. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు అలాంటి బిడ్డ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎదురైతే ఎక్కువ. చేయని పని చేతికి మరుపు. కత్తి సానపట్టకపోతే తుప్పు పట్టినట్లు, నేర్చుకున్న నైపుణ్యం కొద్ది నెలల్లోనే మొద్దుబారుతుంది. ఇది నర్సు అశ్రద్ధ కాదు, మనిషి స్వభావం.

ఈ విషయంలో ఆఫ్రికా ఖండంలోని టాంజానియా మనకు పాఠం చెబుతున్నది. అక్కడ హేడమ్ అనే మారుమూల ప్రాంతంలో ఒక ఆసుపత్రి ఉంది. ఊపిరి తీయని బిడ్డలకు సంచి నొక్కడం మొదలుపెట్టడంలో ప్రతి 30 సెకన్ల ఆలస్యానికీ బిడ్డ చనిపోయే లేదా ఎక్కువకాలం ఆసుపత్రి పాలయ్యే ముప్పు 16 శాతం చొప్పున పెరుగుతున్నదని అక్కడి పరిశీలకులు 2012లో వెల్లడించారు. అక్కడ సిబ్బందికి ఒకరోజు శిక్షణ ఇచ్చి చూశారు. పరీక్షలో బొమ్మ మీద అందరూ చక్కగా చేశారు. పురిటి గదిలో మాత్రం పని పెద్దగా మారలేదు. అప్పుడు పద్ధతి మార్చారు. బొమ్మను పురిటి గదిలోనే ఉంచారు. వారానికి ఒకసారి మూడు నుంచి అయిదు నిమిషాలు, నెలకు ఒకసారి నలభై నిమిషాలు, డ్యూటీలో ఉన్నవారే అక్కడికక్కడ సాధన చేశారు. పుట్టిన 24 గంటల్లో చనిపోయే బిడ్డల సంఖ్య వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గిందని 2015లో ప్రకటించారు. కొత్త భవనం కట్టలేదు, కోట్ల యంత్రాలు కొనలేదు. వారానికి అయిదు నిమిషాలు కేటాయించారు. అంతే.

అంతదూరం పోనక్కరలేదు. పొరుగున కర్ణాటకలోని బెల్గాం ప్రాంతంలో కాన్పులు చేసే సిబ్బందికి ఇదే విధమైన శిక్షణ ఇచ్చి ఫలితాలు 2013లో ప్రచురించారు. కాన్పు సమయంలోనే చనిపోయి పుట్టారని రాసుకునే బిడ్డల శాతం 1.7 నుంచి 0.9కి పడిపోయింది. ఇందులో దాగిన సంగతి గుండెలు పిండేది. చచ్చి పుట్టిందని రిజిస్టరులో రాసే బిడ్డల్లో కొందరు నిజానికి చచ్చి పుట్టలేదు. గుండె కొట్టుకుంటూనే ఉన్నది. ఊపిరి మాత్రం మొదలు కాలేదు. ఆ గుండె చప్పుడు వినే తీరిక, ఊపిరి ఊదే సాధనం ఆ గదిలో లేకపోవడం వల్ల బతకవలసిన ప్రాణి మృతశిశువుల లెక్కలో చేరిపోయింది. ఆ తల్లికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. తన రాత ఇంతే అనుకుంటుంది.

బిడ్డ పోయిన తర్వాత జరిగే తంతు కూడా మారాలి. బయట బంధువులు అద్దాలు పగలగొడతారు. నర్సు మీదికి వస్తారు. లోపల ఆమెకు తాఖీదు అందుతుంది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ రాత్రి డ్యూటీలో ఎందరు ఉన్నారు, సంచి ఎక్కడ ఉంది, కరెంటు ఉందా, డాక్టరుకు కబురు ఎప్పుడు వెళ్లింది అన్నవి ఆ తాఖీదులో ఉండవు. నేషనల్ హెల్త్ మిషన్ కింద కాంట్రాక్టు మీద పనిచేసే నర్సు అయితే ఉద్యోగమే ఊడుతుందన్న భయం. ఇలా శిక్షే ముందు వస్తుందని తెలిస్తే మనుషులు నిజం రాయరు. పుట్టిన వేళ మారుతుంది, ఊపిరి ఆగిన నిమిషం మారుతుంది, ‘మృతశిశువు’ అన్న మాట ఆదుకుంటుంది. లోపం ఎక్కడుందో తెలియకుండానే ఫైలు మూతపడుతుంది. మళ్లీ అదే గదిలో, అదే లోపం మరో బిడ్డ కోసం కాచుకుని ఉంటుంది. ఇది తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవలసిన చోట, పాపమంతా చివరి మెట్టు మీద నిలబడ్డ మనిషి నెత్తిన పెట్టడమే.

నర్సులందరూ దేవతలని మేము అనడం లేదు. పనిలో అలసత్వం చూపేవారు, తల్లులను కసిరేవారు అన్ని వృత్తుల్లో ఉన్నట్లే ఇక్కడా ఉన్నారు. గోండి, కొలామీ మాటలు తప్ప తెలియని తల్లి నొప్పులతో అరుస్తూంటే, ఆమె చెప్పేదేమిటో అర్థం చేసుకునే ఓపిక లేనివారూ ఉన్నారు. అటువంటివారి మీద చర్య తీసుకోవద్దని ఎవరూ అనరు. కాని నిర్లక్ష్యం ఏది, నిస్సహాయత ఏది అని విడదీసి చూడకపోతే మంచి నర్సు కూడా మారుమూల పోస్టింగు అంటేనే పారిపోతుంది. చివరికి ఆ ఆసుపత్రిలో ఎవరూ మిగలరు.

ఈ విషయంలో మన బాధ్యత మరింత ఎక్కువ. ఎందుకంటే కాన్పుకు ఆసుపత్రికి రమ్మని పిలిచింది మనమే. జననీ సురక్షా యోజన 2005లో వచ్చింది. అదే ఏడాది 108 అంబులెన్సులు మొదలయ్యాయి. తెలంగాణలో 2017లో కిట్లు, నగదు సాయం ప్రవేశపెట్టారు. గూడెం గూడెం తిరిగి ఆశా కార్యకర్తలు నచ్చజెప్పారు. తల్లులు ఆ మాట విన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇంటి పురుడు వదిలి, వాగులు దాటి, ఘాట్ రోడ్డు దిగి వచ్చిన తల్లికి, ఇంట్లో దొరకనిది ఏదో ఆసుపత్రిలో దొరకాలి కదా! ఆ దొరకవలసినదానిలో మొదటిది ఊపిరి తీయని బిడ్డకు ఊపిరి పోయగల మనిషి. అది లేనప్పుడు ఇల్లయినా ఆసుపత్రి అయినా తేడా ఏముంది?

పాత జిల్లా 2016లో నాలుగు జిల్లాలయింది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008 నుంచి ఉంది. మంచిర్యాలకు 2022లో, నిర్మల్, ఆసిఫాబాద్‌లకు 2023లో వైద్య కళాశాలలు వచ్చాయి. సంతోషించదగిన విషయమే. కాని ఉట్నూరు ఏజెన్సీ లోపలి గూడేల నుంచి ఆదిలాబాద్ చేరడానికి గంటల లెక్కన పడుతుంది. బిడ్డ మెదడు ఆక్సిజన్ లేకుండా ఓర్చుకునేది నిమిషాల లెక్కన. బతికినా, ఆ ఆలస్యం కొందరు బిడ్డలను జీవితాంతం మూర్ఛలతో, చచ్చుబడిన కాళ్లూచేతులతో వదిలిపెడుతుంది. కాబట్టి పెద్దాసుపత్రి ఎంత పెద్దదైనా మొదటి నిమిషానికి అది ప్రత్యామ్నాయం కాదు. మొదటి నిమిషం దాటిన బిడ్డకే ఆ పెద్దాసుపత్రి అక్కరకు వస్తుంది.

ఏం చేయాలన్నది తెలియని సంగతి కాదు. కాన్పు జరిగే ప్రతిసారీ గదిలో ఇద్దరు ఉండాలి, ఒకరు తల్లికి, ఒకరు బిడ్డకు. రెండో మనిషి నర్సే కానక్కరలేదు. పొడి గుడ్డ అందించడం, ఇంజక్షన్ సిద్ధంగా ఉంచడం, సమయం చూసి చెప్పడం నేర్పిన ఏఎన్ఎం అయినా ఆయా అయినా ఆ రాత్రి ఎంతో ఆసరా. నర్సు పోస్టుల ఖాళీలు నింపేటప్పుడు మారుమూల ఆసుపత్రుల రాత్రి డ్యూటీలను ముందు నింపాలి. వసతి గృహం, దారి దీపం, రాత్రి వేళ కాపలా మనిషి లేకుండా అక్కడికి ఎవరు వస్తారో కూడా ఆలోచించాలి.

పురిటి గదిలో తర్ఫీదు పొందిన నర్సును కనీసం రెండేళ్లయినా అక్కడినుంచి కదపకూడదు. సంచి, మాస్కులు బీరువాలో కాక వార్మర్ పక్కన, చేతికి అందేలా ఉండాలి. నెలలు నిండిన బిడ్డకు ఒకటి, నిండని బిడ్డకు ఒకటి చొప్పున రెండు సైజుల మాస్కులు ఉండాలి. డ్యూటీ మారినప్పుడల్లా సంచి నొక్కి చూసి సంతకం చేయాలి. వాడి పాడైన వస్తువుకు జీతంలో కోత వేయడం మానాలి. వార్మర్‌కు ఇన్వర్టరు కలపాలి. కిటికీ అద్దాలు, తలుపు గడియలు బాగుచేయడానికి ఏ ప్రపంచ బ్యాంకు సాయం అక్కరలేదు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం తలచుకుంటే చాలు. చలికాలం రాకముందే ఆ పని జరగాలి.

ప్రతి పురిటి గదిలో ఒక బొమ్మ ఉండాలి. వారానికి అయిదు నిమిషాల సాధన జరగాలి. సంచి నొక్కడం వచ్చా అని కలెక్టరుగారు తనిఖీకి వచ్చినప్పుడు ఫైళ్లు అడిగే బదులు ఆ బొమ్మ మీద చేసి చూపమంటే, మరుసటి వారం నుంచి జిల్లా అంతటా సాధన దానంతట అదే మొదలవుతుంది. బిడ్డ చనిపోయినప్పుడు జరిగే విచారణ ఎవరిని శిక్షించాలని కాక, ఏది లోపించిందని తేల్చేదిగా ఉండాలి. లోపం దిద్దారా లేదా అన్నది మరుసటి నెల సమావేశంలో అడగాలి. ఊపిరి పోసి బతికించిన బిడ్డల లెక్క కూడా రాయాలి. ఏ ఆసుపత్రిలోనైనా చనిపోయినవారి సంఖ్యకు విచారణ ఉంటుంది గాని, బతికించినవారి సంఖ్యకు ఒక మెచ్చుకోలు మాట కూడా ఉండదు.

ప్రజలు చేయవలసింది కూడా ఉంది. కాన్పు త్వరగా కావాలని ఊళ్లో ఎవరిచేతనో నొప్పుల ఇంజక్షన్లు చేయించుకుని ఆసుపత్రికి రావద్దు. అదుపు లేకుండా ఇచ్చిన ఆ మందు గర్భసంచిని బిగించి కడుపులోని బిడ్డకు గాలి అందకుండా చేస్తుంది. నొప్పులు మొదలవగానే ఆశా కార్యకర్తకు కబురు చేయండి. వాగు దాటవలసిన ఊరయితే నాలుగు రోజుల ముందే దగ్గరి ఆసుపత్రికి చేరండి. వచ్చేటప్పుడు ఉతికి ఎండలో ఆరవేసిన మెత్తటి పాత గుడ్డలు నాలుగు తెచ్చుకోండి. పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించమని పట్టుపట్టవద్దు. తల్లి ఒంటికి ఆనించి కప్పి ఉంచితే అంతకన్నా వెచ్చని చోటు మరొకటి లేదు. అన్నిటికన్నా ముఖ్యం, లోపల నర్సు బిడ్డతో తంటాలు పడుతున్న వేళ తలుపు బాదవద్దు. ఆ చప్పుడులో ఆమెకు బిడ్డ గుండె చప్పుడు వినపడదు.

ఎన్నికల వేళ ప్రతి పార్టీ ఆసుపత్రుల గురించి మాట్లాడుతుంది. ఎన్ని పడకలు, ఎన్ని భవనాలు, ఎన్ని కోట్లు అని చెబుతుంది. మేము ఈ జిల్లాల ప్రజాప్రతినిధులను, అధికారులను అడిగేది చాలా చిన్న ప్రశ్న. ఈ రాత్రి మీ నియోజకవర్గంలోని ఆసుపత్రిలో ఒక బిడ్డ ఊపిరి లేకుండా పుడితే, ఆ బిడ్డ పక్కన ఎందరు ఉంటారు? వారి చేతికి పనిచేసే సంచి అందుతుందా? ఫోను చేసి కనుక్కోవడానికి అయిదు నిమిషాలు పట్టదు. జవాబు తృప్తిగా లేకపోతే రేపు ఉదయం చేయవలసిన పని ఏమిటో వారికే తెలుస్తుంది. ఈ చలికాలం పుట్టబోయే బిడ్డలకు మాత్రం అర్జీ పెట్టుకునే వ్యవధి లేదు.